తాత గొంతుకు తగిన డబ్బా

ఫిబ్రవరి 17, సోమవారం

నిన్న బీరప్ప పండుగలో, ఊరందరి ముందు, బిచ్చయ్య మా తాతను అబద్ధాలకోరును చేశాడు. అవ్వ ముందే చేశాడు. కోపం చల్లారితే మాటలు మారిపోతాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

జరిగింది జరిగినట్టు రాయాలి. మా నాయన నాయన బీరన్న ఒగ్గు కథ చెప్పేవాడు. బిచ్చయ్య ఆయన పక్కన వంత పాడేవాడు. నలభై ఆరేళ్ల కింద ఏదో కంపెనీవాళ్లు ఇద్దరినీ, డోలు వాయించేవాణ్ణీ పట్నం తీసుకుపోయి, గోడలకు గోనెసంచులు కొట్టిన గదిలో పాడించుకున్నారు. తరువాత రెండు ప్లేట్లు పంపారు. ఒకదాని మీద మా నాయన చిన్నప్పుడు కూర్చుని విరగ్గొట్టాడు. రెండోది అవ్వ ట్రంకు పెట్టెలో, గొంగడి ముక్కలో చుట్టి ఉంది. దాన్ని తిప్పే మిషను మా ఊళ్లో ఎప్పుడూ లేదు. అవ్వ ప్రతి పండుగకూ ఆ ప్లేటు తుడుస్తుంది. ఒక్కసారి కూడా వినలేదు. తాత పోయి పన్నెండేళ్లు.

అందుకే పట్నంలో పాత సామాన్ల దుకాణంలో రికార్డు ప్లేయర్ కొన్నాను. దానికి కొత్త సూది వేయించాను. పండుగ రోజు తాత పాడతాడని వారం ముందే ఊరంతా చెప్పాను. టెంట్‌హౌస్ మైక్ సెట్టు తెప్పించాను. గుడి లోపల ప్లేయర్, బయట యాంప్లిఫయర్, వేపచెట్టుకు హారన్ స్పీకరు. ప్లేయర్ వైరు యాంప్లిఫయర్ దాకా అందకపోతే మైక్ వైరు అతికించి పొడుగు చేశాను. అవ్వను ముందు వరసలో కూర్చోబెట్టాను.

ముల్లు దించితే తాళాలు వచ్చాయి. చిటపటలు వచ్చాయి. ఒక సన్నని గొంతు, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

బిచ్చయ్య మర్పల్లి నుంచి వచ్చాడు. కథ చెప్పినవాళ్లకు మా దగ్గర మొదటి విస్తరి వేస్తారు. దాని ముందు కూర్చుని ఉన్నాడు. చెయ్యి పైకెత్తాడు.

"ఆపు రా పరశురాం, ఆపు. గిది నా గొంతు."

"నీదెట్లయితది తాతా? పేరు సూడు, బీరన్న అని రాసుంది."

"పేరు బీరన్నదే. గొంతు నాది. నా గొంతు నాకెర్క లేదా? బీరన్న గొంతు గీ ప్లేట్ల లేనే లేదు. కంపెనోల్లు నాదే పెట్టిన్రు."

జనం నవ్వారు. వెనకనుంచి ఎవడో, "బీరన్న మూతి ఒక్కటే ఆడించిండేమో రా!" అన్నాడు. ఇంకా నవ్వారు.

నేను, "గిన్నేండ్లు కడుపుల మంట పెట్టుకొని ఇయ్యాల కక్కుతున్నవా ముసలోడా! సిగ్గుందా?" అన్నాను. మైక్ నా చేతిలోనే ఉంది. అది పక్క ఊరికి కూడా వినబడింది.

బిచ్చయ్య విస్తరి ముందు నుంచి లేచి పోయాడు. మెతుకు ముట్టలేదు.

అవ్వ దిక్కు చూశాను. తల అడ్డంగా ఊపింది. "ఆయన కాదు రా," అంది. అంతే.

ఫిబ్రవరి 18

అవ్వ ట్రంకు పెట్టెకు తాళం వేసింది. ప్లేటు నా దగ్గరే ఉంది. వాపస్ అడగలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

తాండూరులో మా బండల పాలిష్ యూనిట్‌లో కూడా తెలిసిపోయింది. పాలిష్ మిషను ఆపిన ప్రతిసారీ ఎవడో ఒకడు నోరు తెరిచి, చప్పుడు లేకుండా పెదాలు ఆడిస్తున్నాడు. నవ్వుకోనీ. ఈ రోజు నాలుగు బండలు ఎక్కువ పాలిష్ పట్టాను, కోపంతో.

టెంట్‌హౌస్‌వాడిది చెత్త సెట్టు. వాడిదే తప్పు. బిచ్చయ్యది నోటి తప్పు, వాడిది మిషను తప్పు.

కానీ ఒకటి నన్ను వదలడం లేదు. ప్లేటు మీద మూడు పేర్లు లేవు, ఒక్క "బీరన్న బృందం" అని ఉంది. అట్ట మీద మాత్రం బొమ్మలో ముగ్గురున్నారు. తాత చేతిలో ఒగ్గు, బిచ్చయ్య చేతిలో తాళాలు, మూడో అతని మెడలో డోలు. తాళాలు వినబడ్డాయి.

డోలు ఎటు పోయింది?

డోలు అంటే ఒగ్గు కథలో అన్నిటికన్నా పెద్ద చప్పుడు. పక్క తండాలో పడుకున్నవాణ్ణి లేపుతుంది. అది రికార్డులో ఎట్లా మాయమవుతుంది? డోలు మాయమైతే ఇంకేమేమి మాయమైనట్టు?

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున ప్యాసింజరు ఎక్కి వికారాబాద్ పోయాను. స్టేషన్ పక్క సందులో రుఖియా ఆపా దుకాణం. యాంప్లిఫయర్లు, మసీదు మైకులు, ఫంక్షన్ హాళ్ల మిక్సర్లు బాగుచేస్తుంది. వాళ్ల నాన్న ఫరీద్ సాబ్ నేర్పిన పని. ఆయన ఇప్పుడు చూపు ఆనక వెనక కుర్చీలో కూర్చుని, చప్పుడు విని లోపం చెబుతాడు. నా ప్లేయర్‌కు సూది దొరికింది ఈమె దగ్గరే.

నేను మొత్తం చెప్పాను. ఆమె మొదట ప్లేయర్ వెనక చూసింది.

"గీ సన్న వైరు ఏది? కొసకు పిన్ను ఉంటది సూడు, ఆకుపచ్చది?"

"కోసేసిన."

"ఎందుకు?"

"అది పెట్టే సందు యాడ కనబడలే. ఫాల్తుది అనుకున్న."

"అరే అల్లా," అంది. "అబ్బాజాన్, ఇంటున్నవా? అర్తు వైరు ఫాల్తుదట!"

వెనకనుంచి ముసలాయన, "గుంయ్‌మన్లేదా బేటా?" అన్నాడు.

"గుంయ్‌మన్నది సాబ్. పాత రికార్డు గట్లనే ఉంటది అనుకున్న."

ఇద్దరూ నవ్వారు. నాకు మండింది. కానీ వాళ్లు నవ్విన నవ్వు మా యూనిట్‌లో నవ్విన నవ్వు కాదు.

తరువాత ఆమె తన దగ్గరున్న పాత రికార్డు పెట్టింది, ప్రవక్తను పొగిడే నాత్ పాటలది. నేను పండుగనాడు పెట్టినట్టే, మైక్ సందులో. అదే సన్నని గొంతు, అదే చిటపట. మళ్లీ అదే రికార్డు, ఒక పాత యాంప్లిఫయర్ వెనక "ఫోనో" అని రాసిన సందులో పెట్టింది. మనిషి గదిలోకి వచ్చాడు. ఇంతకన్నా ఎట్లా రాయాలో తెలియదు. మొదటిసారి ఎవరో గేటు బయట నిలబడి పాడినట్టుంది, రెండోసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"నువ్వు బండలు కోస్తవ్ గదా. జర గట్లనే అనుకో. ప్లేటు మీద గాడి ఉంటది. లావు చప్పుడు ఉన్నదున్నట్టు కోస్తే గాడి ఊగి ఊగి పక్క గాడిలకు పోతది. అందుకే కోసేటప్పుడు లావు చప్పుడు తగ్గిస్తరు, సన్న చప్పుడు పెంచుతరు. తిప్పేటప్పుడు మల్ల ఉల్టా చెయ్యాలె. గా ఉల్టా చేసే డబ్బనే ఫోనో ప్రీయాంప్. మైకుకు గా పని తెల్వదు. వచ్చింది వచ్చినట్టు ఎత్తుతది."

నాకు వెంటనే అర్థమైంది. బ్లేడు ఊగితే పక్క గీతలోకి పోతుంది, బండ పాడవుతుంది. అంటే డోలు ఎటూ పోలేదు. చిన్నగా కోసి దాచారు. పెద్దది చేసి తీసేవాడు కావాలి. ఈ సంగతి కనిపెట్టినవాడు ఎవడో గానీ మంచి పనివాడు.

ఇంకా అడిగాను. చాలా అడిగాను. రెండు ప్యాసింజర్లు పోయాయి. నా సూది అయస్కాంతం కదిలే రకం. అది ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు. బ్యాటరీ సెల్లు ఇచ్చేదాంట్లో మూడు వందల్లో ఒక వంతు. పాత పెట్టె ప్లేయర్లలో ఉండే రకం దానికి వంద రెట్లు ఇచ్చేది, వాటికి ఈ డబ్బా అక్కర్లేదు. అందుకే "రికార్డు ప్లేయర్‌ను మైక్ సెట్టుకు తగిలిస్తే పాడుతుంది" అని మా టెంట్‌హౌస్‌వాడు నమ్ముతాడు. వాడి కాలంలో పాడింది.

సూదితో వచ్చిన కాగితం మీద రెండు లెక్కలున్నాయి. ఒకటి నలభై ఏడు కిలోఓములు. ఇది అన్ని మంచి డబ్బాల్లో ఉంటుందట. రెండోది రెండు వందల పికోఫారడ్లు. ఇది చూసుకోవాలట. డబ్బా లోపలిది ఒక్కటే కాదు, వైరుది కూడా కలపాలి. వైరు పొడుగైన కొద్దీ పెరుగుతుంది. నేను అతికించిన వైరు చూపించాను. మీటరు పెట్టింది. ఏడు వందల చిల్లర.

"ఇంత పొడుగు వైరు పెడితే పైన గొంతు ఒక కాడ లేస్తది, తర్వాత చస్తది. నీ తాళాలు గందుకే చెవుల గుచ్చినయ్."

బయల్దేరేటప్పుడు అంది, "ఫోన్ల చెప్పిన గదా నీకు. మైక్ల పెట్టకు, ఆదివారం దాటనీ, నేను డబ్బా సూస్త అని."

ఆమె అట్లా అన్నట్టు నాకు గుర్తులేదు.

ఫిబ్రవరి 24

గుర్తుంది.

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. యూనిట్ బందు.

సరే, మైక్‌లో పెట్టింది నేనే. ఊరికి మాట ఇచ్చాను కదా, ఎట్లా ఆగుతాను? కానీ బిచ్చయ్య అన్నది బిచ్చయ్య అన్నదే. మిషను తప్పు వల్ల గొంతు సన్నబడిందే అనుకుందాం. తాత గొంతును "నాది" అని ఎందుకు అనాలి? ఎవరి గొంతో తెలియకపోతే నోరు మూసుకోవచ్చు. ఆయన తెలియదు అనలేదు, నాది అన్నాడు. అక్కడ దొరికాడు నాకు.

సరైన డబ్బా పెట్టి వినిపిస్తాను. అప్పుడు మాట్లాడమను.

మార్చి 1, శనివారం

రుఖియా ఆపా తయారుచేసేదాకా ఆగలేక ఆన్‌లైన్‌లో ఒక డబ్బా తెప్పించాను. అరచేతిలో పడుతుంది. వెనక ఒక మీట ఉంది, రెండు వైపులు. మొదటి వైపు పెడితే మామూలుగా పాడింది. రెండో వైపు పెడితే ఇల్లు ఎగిరిపోయేంత గట్టిగా పాడింది. గట్టిది మంచిది అనుకుని అటే పెట్టాను. పరీక్షకు రుఖియా ఆపా ఇచ్చిన రికార్డు పెట్టాను, తాతది కాదు. అంత బుద్ధి ఉంది నాకు. పాడేవాడి గొంతు పగిలిపోయింది, నోట్లో గులకరాళ్లు పోసుకుని పాడినట్టు.

ఫోన్ చేశాను.

"మీట ఏ దిక్కు ఉంది?"

"గట్టి దిక్కు."

"అది వేరే సూదులది, ఇంక సన్నగ ఇచ్చేటియి ఉంటయి. నీదానికి పది రెట్లు ఎక్కువైతది. వాపస్ తిప్పు. తిప్పి, రేపు పట్టుకొని రా. నిన్ను ఒక్కన్ని ఇడిస్తే ప్లేటే కాదు, ఇల్లు కాలవెడ్తవ్."

మార్చి 2, ఆదివారం

రంజాన్ ఉపవాసాల్లో మొదటి రోజు. రుఖియా ఆపా నీళ్లు కూడా ముట్టకుండా సోల్డరింగ్ చేస్తోంది. నాకు చాయ్ తెప్పించింది. వద్దన్నాను. "రోజా నాది, నువ్వు తాగు, నీ మొహం సూసి నాకు దూప అయితలేదు," అంది.

బల్ల మీద మూడు పెట్టింది. నా ఆన్‌లైన్ డబ్బా. పాత యాంప్లిఫయర్ ఫోనో సందు. ఆమె స్వయంగా చేసిన బోర్డు, స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించింది. టిఫిన్ డబ్బా ఎందుకంటే స్టీలుకు అర్తు చేస్తే గుంయ్‌మనదట.

నన్ను గోడ దిక్కు తిప్పి కూర్చోబెట్టింది. ఏది పెడుతోందో చెప్పదు. "ఏది బాగుందో చెప్పు."

రెండోది అన్నాను. అది ఆన్‌లైన్ డబ్బా. ముసలాయన కుర్చీలోంచి నవ్వాడు. "చప్పుడు ఎక్కువున్నది ఎన్నుకున్నడు."

"సబ్ ఐసా హీచ్ కర్తే, అందరు గంతే," అంది ఆమె. "జర ఎక్కువ చప్పుడున్నది అందరికీ మంచిగనిపిస్తది. అబద్ధం కాదు, చెవులు గట్లనే ఉంటయి." మీటరు పెట్టి మూడింటి చప్పుడు సమానం చేసింది. మళ్లీ పెట్టింది.

ఈసారి తెలిసింది. ఆన్‌లైన్ డబ్బాలో "స" అన్న ప్రతిచోటా గుచ్చుతోంది. లోపల నాలుగు వందల డెబ్బై పికోఫారడ్లు ఉన్నాయట, మార్చడానికి లేదు. నా సూదికి అది రెట్టింపు దాటింది. పాత యాంప్లిఫయర్ మంచిదే కానీ ఒక పక్క చచ్చిపోయి ఉంది. టిఫిన్ డబ్బా గొంతులో ఏదీ ముందుకు పొడుచుకురాలేదు. దానిలో చిన్న చిన్న మీటలున్నాయి. యాభై, వంద, రెండు వందలు. మీటరెడు వైరుకు తొంభై పోతే, రెండు వందలకు దగ్గరపడేలా వంద మీట వేయాలి. కూడిక నేనే చేశాను. ఆమె తల ఊపింది.

నేను ఎనిమిదో తరగతిలో మానేశాను. ఈ కూడిక నాకెవరూ నేర్పలేదు. ఇది రాసి పెట్టుకోవాలి అనిపించింది.

"సౌండ్ బాక్సులు గూడ తీస్కపో," అంది. "హారన్ల పెట్టకు, హారన్ల లావు చప్పుడు ఎట్లైనా రాదు. కానీ పదిహేడు తారీకు వాపస్ గావాలె. పెండ్లి పార్టీ ఉంది."

మార్చి 5, బుధవారం

అవ్వ ఫోన్ మోగితే వినదు. అమ్మ గట్టిగా పిలిచినా వినదు. కానీ నాయన గొర్రెల మందతో బంట్వారం దిక్కు నుంచి వచ్చే రోజు, వాకిట్లో అడుగు పెట్టకముందే "వచ్చిండు" అంటుంది. ఎట్లా తెలుస్తుందో ఎవరూ అడగలేదు. ఈ రోజు నేను అడిగాను.

"నడిస్తే తెలుస్తది. దగ్గితే తెలుస్తది," అంది.

ఫోన్‌లో చప్పుళ్లు పరీక్షించే యాప్ వేసి, అవ్వ చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టాను. ముందు తిట్టింది, తరువాత అలవాటైంది. లావు చప్పుడు పెడితే వేలెత్తింది. ఇంకొంచెం సన్నది, వేలెత్తింది. ఇంకా సన్నగా చేస్తూ పోతే ఒకచోట ఆగిపోయింది. ఎంత పెంచినా వేలు లేవలేదు. "బందైందా?" అని అడిగింది. నా చెవులు గింగురుమంటున్నాయి.

అంటే పండుగనాడు నేను అవ్వకు ఆమె వినలేనిదంతా హారన్‌లో పెట్టి వినిపించాను. వినగలిగిందంతా తీసేసి.

"ఆయన కాదు" అంది. ఇంకేమంటుంది?

నా చెవులు కూడా చూసుకున్నాను. పదకొండు వేల హెర్ట్జుల దగ్గర ఆగిపోయాయి. నా వయసుకు పదిహేడు వేలు వినబడాలట. ఆరేళ్లుగా పాలిష్ మిషను పక్కన ఉన్నాను. రేపటి నుంచి దూది పెట్టుకోవాలి. ఎవడైనా నవ్వితే నవ్వనీ.

మార్చి 6

దూది పెట్టుకున్నాను. పెదాలు ఆడించేవాళ్లవి పెదాలే కనబడ్డాయి. నవ్వొచ్చింది.

మార్చి 9, ఆదివారం

నిదానంగా రాస్తాను.

యూనిట్ నుంచి పగిలిన నీలం బండ ఒకటి తెచ్చాను. ఇంట్లో ఎవరైనా నడిస్తే సూది ఎగురుతోంది. అవ్వ చూసి, తాత గొంగడి తెచ్చి నాలుగు మడతలు వేసింది. "గీని మీద పెట్టు," అంది. గొంగడి, దాని మీద బండ, దాని మీద ప్లేయర్. అమ్మ దబదబా నడిచి చూసింది. సూది కదలలేదు. ట్రంకు పెట్టెకు తాళం వేసిన నాటి నుంచి అవ్వ దీని జోలికి రావడం ఇదే మొదలు.

మీటరెడు వైరు. టిఫిన్ డబ్బా. వంద మీట. కొత్తగా అతికించిన ఆకుపచ్చ వైరు డబ్బా స్క్రూకు. సౌండ్ బాక్సు అవ్వ పక్కన.

ముల్లు దించాను.

డోలు. ముందు డోలే వచ్చింది. అమ్మ చేతిలో చాట ఉంది, అది కింద పెట్టింది.

తరువాత తాత. చిన్నప్పుడు దొడ్డి గోడకు వీపు ఆనించి కూర్చుంటే, గోడ అవతల ఆయన గొర్రెలతో మాట్లాడేది నా వీపుకు తెలిసేది. ఆ గొంతు. అదే. నేను ఏడుస్తానని అనుకున్నాను. ఏడవలేదు, ఎందుకంటే ఇంకొకటి జరిగింది.

తాత ప్రతి చరణం మొదలుపెడుతున్నాడు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి మింగేస్తున్నాడు. గొంతు కిందికి దిగి డోలులో కలిసిపోతోంది. ఆ చివరి మాటను సన్నని గొంతు అందుకుని పైకి లాగుతోంది. ప్రతి చరణం. మొదలు తాత, చివర ఆ సన్నని గొంతు.

పండుగనాడు హారన్‌లో ముక్కలు ముక్కలుగా విన్నది ఆ చివరలే. తాళాలతో పాటు.

బిచ్చయ్య చెప్పింది నిజం. హారన్‌లో ఉన్నది ఆయన గొంతే. తాత గొంతు అందులో లేనే లేదు. నేనే తీసేశాను.

అవ్వ సౌండ్ బాక్సు మీద అరచెయ్యి పెట్టింది. తీయలేదు. మొదటి వైపు అయిపోయేదాకా అట్లాగే ఉంది. ముల్లు లేపాక, "ఆయనే," అంది.

"నిజంగ ఇనొచ్చిందా అవ్వా?"

"ఆయనే రా. ఎన్నడన్న ఒక్క మాట పూర్తిగ చెప్పిండా? ఎప్పుడు మింగుడే. తిండి పెట్టు అనేటానికి గూడ 'తిండి' అని ఊకుంటుండె. మిగిలింది నేను అర్థం చేస్కోవాలె. కథల బిచ్చయ్య అందుకుంటుండె, ఇంట్ల నేను అందుకుంటుంటి." నవ్వింది. పళ్లు లేని నవ్వు. తరువాత అడిగింది, "బిచ్చయ్యది గూడ ఉంటది గదా గిండ్ల? నాకు ఇనొస్తలేదు. ఉందా?"

ఉంది అన్నాను.

"మంచిగుందా?"

బాగుంది అన్నాను. నిజంగా బాగుంది. ఆ గొంతు లేకపోతే తాత కథలో ఒక్క వాక్యం కూడా ముగియదు.

మార్చి 10

ఊరందరి ముందు ముసలోడా అన్నాను. మైక్‌లో అన్నాను.

మార్చి 11, మంగళవారం

రెండో వైపు పెడదామంటే అవ్వ వద్దంది. బిచ్చయ్య వస్తేనే వింటుందట. "ఆయన చివరలు నాకు ఇనొస్తలేవు. ఆయన వచ్చి నా పక్కన లావుగొంతు చేసి చెప్తే ఇంట. లేకుంటె సగం కథ ఇన్నట్టు."

రుఖియా ఆపా ఫోన్‌లోకి ఎక్కించి ఇస్తానంది, ఇంక ప్లేటు అరగదని. అవ్వ దానికీ అదే జవాబు. ముందు బిచ్చయ్య.

అమ్మ, "పోయి కాళ్లు మొక్కు," అంటోంది. కాళ్లు మొక్కడం నాకు రాదు. మొక్కితే ఆయన ఒక మాట అంటాడు, నేను ఇంకొకటి అంటాను, మళ్లీ మొదటికి వస్తుంది. నా నోరు నాకు తెలుసు. రాస్తే కొట్టేసి మళ్లీ రాయవచ్చు.

ఇంకో సంగతి. ఆయన తప్పు అసలే లేదా? ఉంది. "బీరన్న గొంతు లేనే లేదు, కంపెనోల్లు నాదే పెట్టిన్రు" అన్నాడు. ఆ రోజు గోనెసంచుల గదిలో పక్కపక్కనే కూర్చుని పాడినవాడు కదా, తాత గొంతు ఎటు పోయిందని ఒక్కసారి అడగాల్సింది. నాకు డోలు గురించి పుట్టిన అనుమానం ఆయనకు తాత గురించి పుట్టలేదు. ఎందుకు? నలభై ఆరేళ్లు ప్లేటు మీద తన పేరు లేదని ఆయన మనసులో ఉంది కాబట్టి. ఆ రోజు తన గొంతు ఒక్కటే హారన్‌లో విని, చివరికి న్యాయం జరిగింది అనుకున్నాడు.

నేనైనా అట్లానే అనుకునేవాణ్ణి.

మార్చి 13, గురువారం

ఇది మూడోసారి రాస్తున్నది. దీన్నే ఎత్తి కాగితం మీద రాసి, రేపు మర్పల్లి పోయే మనిషి చేతికి ఇస్తాను. బిచ్చయ్య తాత మనవరాలు అశ్విని చదివి వినిపిస్తుంది. ఒక్క మాట కూడా మార్చవద్దని పైన రాస్తాను.

బిచ్చయ్య తాతా,

పండుగనాడు నేను నిన్ను మైక్‌లో తిట్టిన. తప్పు నాది. హారన్‌లో వచ్చింది నీ గొంతే. మా తాత గొంతు రాకపోవడం కంపెనీ తప్పు కాదు, నీ తప్పు కాదు. ప్లేయర్‌ను పెట్టకూడని సందులో పెట్టింది నేను. పెట్టకు అని ముందే చెప్పినా పెట్టింది నేను. దానికి వేరే డబ్బా కావాలి. ఇప్పుడు ఉంది.

కానీ నువ్వు కూడా ఒక మాట అన్నవ్. ప్లేటులో బీరన్న లేడు అన్నవ్. ఉన్నడు. ప్రతి చరణం మొదట్ల ఉన్నడు, ప్రతి చరణం చివర్ల నువ్వున్నవ్. మీ ఇద్దరిలో ఎవరు లేకున్నా అది కథ కాదు. నేను నా మాట వాపస్ తీసుకుంటున్న. నువ్వు నీ మాట వాపస్ తీసుకోవాలె. ఎవరు ముందు అని లెక్క వద్దు, నేను ముందే తీసుకున్న.

అట్ట మీద బొమ్మ కింద నీ పేరు, డోలు ఆయన పేరు పెన్నుతో రాస్త. ఆయన పేరు మా ఇంట్ల ఎవరికీ తెల్వదు. నీకే తెలుసు. చెప్పాలె.

రెండో వైపు ఇంకా వినలేదు. అవ్వ నీ కోసం ఆపింది. సౌండ్ బాక్సులు సోమవారం వికారాబాద్ వాపస్ పోతయి. అందుకే ఆదివారం పొద్దున నువ్వు మా ఇంటికి రావాలె. ఆ రోజు వదిలి లేచిపోయిన మొదటి విస్తరి మళ్లీ నీకే వేస్తం. తిని, అవ్వ పక్కన కూర్చుని, చివరి మాటలు ఆమెకు చెప్పాలె.

వస్తవా రావా, శనివారం పొద్దుగూకేలోపు అశ్విని ఫోన్ నుంచి నాకు చెప్పు. చెప్పకపోతే ఆదివారం పొద్దున మొదటి ఆటోలో గొంగడి, బండ, ప్లేయర్, డబ్బా, అవ్వ, అన్నీ వేసుకొని నీ వాకిట్లకే వస్త. బండ మస్తు బరువుంది. ఆలోచించి జవాబియ్యి.

పరశురాం